కౌలుకిచ్చు భూమిని బాగుచేయుట

మన సంఘ సభ్యులలో కొందరు తమ భూమిని తామే దున్నుకొనుచున్నారు. కొందరు ఉద్యోగమువలననో, వార్ధక్యమువలననో, బిడ్డల చదువులకై పట్టణము చేరుటవలననో భూమిని కౌలుకిచ్చియున్నారు. మరికొందరు ఆ భూమినే కౌలుకు చేయుచున్నారు. ఈ కడపటి రెండు తరగతులవారికొరకు మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

సొంత చేనికి చూచువాడొకడే యుండును. కౌలు చేనికి ఇద్దరుండియు, చూచువాడు లేకపోవుట తరచు. “దున్నుకొనువాడు చూచుకొనును” అని యజమాని యనుకొనును. “రానున్న యేడు ఈ చేను నాకే యుండునో లేదో, నాకేల యీ ఖర్చు” అని కౌలుదారు అనుకొనును. ఈ నడుమ గట్టు తెగును, మురుగుకోడు పూడును, చౌడు ప్రాకును. కొన్నేండ్లకు అదే కాలువక్రింద నున్న ప్రక్క చేనికి మంచి మక్తా పలుకుచుండగా, ఈ చేనిని తక్కువ మక్తాకైనను అడుగువారుండరు. నష్టమిరువురిది, అంతకంటె ముందు భూమిది.

దీనికి మేము చెప్పదలచిన ఉపాయము చిన్నది. భూమికి చేయు పని యెన్నాళ్లు నిలుచునో మొదట చూడవలెను. ఆ నిలుకడనుబట్టి ఖర్చెవరు పెట్టుకొనవలెనో తేల్చవలెను. ఒక పంటతో తీరిపోవు పని కౌలుదారుది. తరము నిలుచు పని యజమానిది. రెండు మూడేండ్లు నిలుచునది ఇరువురిది.

మొదట నేలను తెలిసికొనుట

రోగము తెలియక మందు వేయరాదు. వేసవిలో చేను ఖాళీగా నున్నప్పుడు మట్టి పరీక్ష చేయింపవలెను. చేనిలో ఎనిమిది పది తావులందు “వి” ఆకారముగా ఆరంగుళముల లోతు గుంటలు త్రవ్వి, గుంట ప్రక్కనుండి పైనుంచి క్రిందివరకు పలుచని పెళ్ల తీయవలెను. ఆ మట్టినంతయు ఒక గుడ్డపై కలిపి, నాలుగు భాగములుచేసి, ఎదురెదురు భాగములు తీసివేయుచు అరకిలో మిగులువరకు తగ్గింపవలెను. దానిని నీడన ఆరబెట్టి పంపవలెను. గట్లవద్ద, చెట్లక్రింద, పెంటకుప్పలు వేసిన చోట్ల మట్టి తీయరాదు. పరీక్ష ఫలితము కాగితమును యజమానియు కౌలుదారును ఇద్దరును చూడవలెను. తగవులేకుండ పని పంచుకొనుటకు అదియే ఆధారము.

యజమాని చేయవలసినవి

మురుగు పోవు దారి అన్నిటికంటె ముఖ్యము. డెల్టా పల్లపు చేలలో నీరు పెట్టుట సులభము, తీయుట కష్టము. నీరు కదలక నిలిచినచోట వేరు ఊపిరాడక పైరు గిడసబారును. వేసిన యెరువు ఫలింపదు. మురుగుకోడు పూడిక తీయించి, చేనినుండి దానికి వాలు కల్పించుట యజమాని పని. ప్రక్క చేల వారితో మాటలాడవలసిన పనియగుటచేత, ఏడాదికొకడు మారు కౌలుదారువలన అది జరుగదు.

చదును రెండవది. మిట్టపల్లములున్న మడిలో ఒకవైపు నారు మునుగును, ఒకవైపు కలుపు మొలచును. నేడు లేజరు సాయమున చదునుచేయు యంత్రములు వచ్చినవి. ఒకసారి సరిగా చదునైన మడిని, పిమ్మట జాగ్రత్తగా దున్నుకొన్నచో, చాల యేండ్లవరకు మరల ముట్టనక్కరలేదు. నీరును ఆదాయగును.

దారి మూడవది. పూర్వము పనలను నెత్తిన మోసి తెచ్చినవారము గనుక దారి లేకున్నను సాగినది. ఇప్పుడు వరికోత యంత్రము చేనిలోనికి దిగవలెను. పుంతనుండి చేనికి పోవునెడ బోదెపై గట్టి తూము వేయించి, ట్రాక్టరును కోతయంత్రమును దాటునట్లు చేసినచో, కౌలుకడుగువారు తమంతట తామే వత్తురు. మేము చూచినంతవరకు, భూమి మంచిదై యుండియు దారిలేక మక్తా తగ్గిన చేలు ప్రతి గ్రామమునను గలవు.

మెట్ట భూములలో నీటి వసతి యజమానిదే. బోరు త్రవ్వించుటకు 2002 సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టముక్రింద అనుమతి పొందవలెను. బోరు, మోటారు, గది యజమానివైనచో నిత్యపు మరమ్మతు కౌలుదారుదని ముందే చెప్పుకొనుట మంచిది.

కౌలుదారు చేయవలసినవి

గట్లు చెక్కి ఎలుక బొరియలు కప్పుట, బోదెలు బాగుచేయుట, వేసవి దుక్కి దున్నుట, కలుపు గింజకట్టకముందే తీయుట కౌలుదారు పనులు. పచ్చిరొట్టయు నట్టిదే. జీలుగయైనచో ఎకరమునకు 10 మొదలు 12 కిలోలు, జనుమైనచో 12 మొదలు 15 కిలోలు విత్తనము చల్లి, పూతదశలో, అనగా సుమారు 45 దినములకు, నేలలో కలియదున్నవలెను. దాని ఫలము మొదటి పంటకే కనబడును గనుక కౌలుదారుకు నష్టములేదు.

ఇరువురు పంచుకొనవలసినవి

తగవంతయు ఇచ్చటనే వచ్చును. పాలచౌడు నేలలో వేసవియందు తెల్లని ఉప్పు పైకి తేలును. దానికి మడులుకట్టి, మంచినీరు నిండుగ పెట్టి, మురుగుకోటిలోనికి తీసివేయవలెను. కారుచౌడు అట్టిది కాదు. ఎండిన గట్టిపడును, తడిసిన జిగటగా జారును, నీరు లోనికింకదు. దానికి పరీక్షలో చెప్పిన మోతాదు చొప్పున జిప్సము వేసి, నీరుపెట్టి, మురుగుతీసి, పిమ్మట జీలుగ వేయవలెను. ఒక్క యేట నేల పూర్తిగ కుదుటపడదు. జిప్సము ఖర్చు ఈ యేటి కౌలుదారుది, పంట వచ్చే యేటి కౌలుదారుది యైనచో, ఎవ్వడు వేయును?

చెరువు పూడికమట్టియు నిట్టిదే. తేలిక ఎర్రనేలలలో అది తేమను పట్టియుంచి కొన్నేండ్లు పనిచేయును. తెలంగాణములో 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనులలో చెరువులనుండి తీసిన మట్టిని రైతులు తమ ఖర్చుతో తోలుకొనిరి. సొంత చేనికి తోలుకొనువాడు వెనుదీయడు. ఒక యేటి కౌలు చేనికి తోలుకొనుమన్నచో తటపటాయించును. అది వాని సోమరితనము కాదు, వాని లెక్క.

ఆ లెక్కను మనమును వేసి చూతము. ఒక ఎకరమును బాగుచేయుటకు 12 బస్తాల ధాన్యపు విలువ ఖర్చైనదనియు, దానివలన యేటికి 4 బస్తాలు హెచ్చు పండెననియు అనుకొందము. ఖర్చు చెరి సగము పెట్టుకొని, హెచ్చు పంటను చెరి రెండు బస్తాలుగా పంచుకొన్నచో, ఇరువురకును మూడేండ్లలో పెట్టుబడి తిరిగివచ్చును. నాలుగవ యేటినుండి ఇరువురకును లాభమే. అట్లుగాక, పంట హెచ్చుట చూచి యజమాని రెండవ యేటనే మక్తాను నాలుగు బస్తాలు పెంచెనేని, కౌలుదారు పెట్టిన ఆరు బస్తాలలో రెండుమాత్రమే తిరిగివచ్చి, నాలుగు పోవును. అతడు చేను విడిచిపోవును. తరువాత వచ్చువాడు ఆ కథ విని, భూమికి గంపెడు మట్టియైన వేయడు. మక్తా పెంచుకొన్న యజమాని భూమిని పోగొట్టుకొన్నట్లే.

ఈ న్యాయము క్రొత్తది కాదు. మద్రాసు రాజధానిలో మన జిల్లాలతో కలిసియుండిన మలబారునందు 1887లోను, మరల 1900లోను చట్టములు చేసి, కౌలుదారుని తొలగించునప్పుడు అతడు భూమికి చేసిన అభివృద్ధికి యజమాని పరిహారమియ్యవలెనని నిర్ణయించిరి.

వ్రాత

వ్రాతలేని కౌలుకు మూలము యజమాని భయము. కాగితము వ్రాసియిచ్చినచో భూమిపై హక్కు పోవునని పలువురు జంకుదురు. 2019లో ఆంధ్రప్రదేశములో చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టము ఈ భయమును తీర్చుటకే 11 నెలల ఒప్పందమును ఏర్పరచెను. సాగుదారుకు పంటపై హక్కును, పంట ఋణము, బీమా మొదలగువానికి అవకాశమును కల్పించి, భూమిపై హక్కు యజమానిదేయని స్పష్టపరచెను. కాని 11 నెలల కాగితము పంటకు చాలునుగాని జిప్సమునకు చాలదు. కావున ఒప్పందము చేసికొనునప్పుడే పెద్దమనుష్యుల యెదుట మరియొక చీటీపై మూడు సంగతులు వ్రాసికొనుడు: ఏ పని చేయుదుము, ఖర్చెవరు ఎంత పెట్టితిమి, కౌలుదారు ముందుగా చేను విడువవలసివచ్చినచో అతని వాటాలో తిరిగిరాని మొత్తమును ఎవరు చెల్లింతురు.

మక్తా చర్చలు సాగు వేసవి దినములే ఇందుకు తగిన సమయము. ఈ యేడు మక్తా ఎంతయని అడుగుటకు ముందు, యజమానియు కౌలుదారును కలిసి ఒకమారు చేని గట్టుపై నడిచి, మురుగెటు పోవుచున్నదో, చౌడెచ్చట తేలినదో, దారి యెట్లున్నదో చూతురుగాక. ఆ నడకకు కానీ ఖర్చు లేదు. చేనికి కావలసినదేమో చేనే చెప్పును. అది చేయుటకు ఒప్పుకొనిన పిమ్మట మక్తా మాట తేలికగా తెగును.