ఒంటి కంటితో ఊరంతా చూసినవాడు

డబ్లిన్‌లో పెరిగిన పంతొమ్మిదేళ్ల కుర్రాడు 1869లో అమెరికా చేరాడు. ఒహాయో నది ఒడ్డున సిన్సినాటిలో దిగేసరికి చేతిలో చిల్లిగవ్వ లేదు. ఊరు పట్టించుకోని మనుషుల బతుకును పత్రికకెక్కించిన ఆ రచయిత లాఫ్కాడియో హెర్న్. ఆయన గురించి కొన్ని విశేషాలు...

★ పేరులో దీవి: తండ్రి ఐరిష్ సైనిక వైద్యుడు, తల్లి గ్రీకు మహిళ. 1850 జూన్ 27న గ్రీసు దగ్గరి లెఫ్కడా దీవిలో పుట్టాడు కాబట్టి లాఫ్కాడియో అయ్యాడు. దానికి ముందున్న పేరు అచ్చమైన ఐరిష్‌ది: పాట్రిక్.

★ జేబులో దుర్భిణి: పదహారేళ్లప్పుడు బడిలో ఆడుకుంటుండగా దెబ్బ తగిలి ఎడమ కన్ను పోయింది. కుడి కంటి చూపూ అంతంతమాత్రమే. కాగితాన్ని ముఖానికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని రాసేవాడు. దూరానివి చూడటానికి చిన్న దుర్భిణి వెంట ఉండేది. ఫొటోల్లో ఎడమ కన్ను కనపడకుండా పక్కకు తిరిగో, తల వంచుకునో ఉంటాడు.

★ కాగితాల పక్క: దిక్కులేని ఆ కుర్రాణ్ణి చేరదీసింది హెన్రీ వాట్కిన్ అనే ముద్రాపకుడు. ప్రెస్సులో కత్తిరించి పడేసిన కాగితపు ముక్కలే తొలి రోజుల్లో పరుపు. ఆ మేలు ఆయన మరవలేదు. తర్వాత వాట్కిన్‌కు రాసిన ఉత్తరాల్లో సంతకానికి బదులు బొంతకాకి బొమ్మ గీసేవాడు.

★ పెళ్లే నేరం: బస చేసిన ఇంట్లో వంట చేసే మాటీ ఫోలీని 1874లో పెళ్లాడాడు. ఆమె కెంటకీలో బానిసగా పుట్టిన మహిళ. నల్లవారికీ తెల్లవారికీ పెళ్లిళ్లు ఒహాయో చట్టం ఒప్పుకోని రోజులవి. మరుసటి ఏడే ఆయన పత్రిక ఉద్యోగం పోయింది. ఆ చట్టం రద్దయింది 1887లో.

★ రేవు పాటలు: స్టీమర్లకు సరుకు మోసే నల్లజాతి కూలీలు ఏం తింటారు, ఎక్కడ పడుకుంటారు, ఏం పాడుకుంటారు? రాత్రిళ్లు రేవు వీధుల్లో తిరిగి తెలుసుకుని 1876లో మరో పత్రికకు రాశాడు. వాళ్ల పాటలను వాళ్ల యాసలోనే అచ్చువేయించాడు. ఆ పాటల్లో కొన్ని మనకు మిగిలింది ఆయన చెవి చలవే.

★ గోపురం కొనకు: అదే ఏడు 200 అడుగులు దాటిన చర్చి గోపురం ఎక్కి, ఆ అనుభవాన్ని పత్రికకు రాశాడు. పైకి తీసుకెళ్లింది గోపురాలెక్కడమే వృత్తిగా ఉన్న పనివాడు.

★ ముగ్గురు కథకులు: 1877లో న్యూ ఆర్లీన్స్‌కు, 1890లో జపాన్‌కు వెళ్లాడు. 1896లో జపాన్ పౌరుడై కొయిజుమి యాకుమో అయ్యాడు. 1904లో వచ్చిన దెయ్యం కథల సంపుటి ‘క్వాయిదాన్’ ఆయనకు జపాన్‌లో చెరగని పేరు తెచ్చింది. ఆ పాత కథలెన్నో తన మాటల్లో చెప్పింది జపాన్‌లో పెళ్లాడిన భార్య సెత్సు. అంతకుముందు సిన్సినాటిలో మాటీ తాను చూసిన దెయ్యాల ముచ్చట్లు చెప్పేది. ఇంకా ముందు చిన్నతనంలో చెప్పింది ఐర్లాండ్ ఆయా. చూపు తక్కువైన ఆ మనిషికి ముగ్గురు ఆడవాళ్లు మూడు దేశాల చీకట్లను వినిపించారు. ఆయన ఒక్కటీ పోనివ్వలేదు.