తూకం తగ్గేది కంచం దగ్గరే

పొద్దున్నే కేబీఆర్ పార్కు చుట్టూ, విశాఖ బీచ్ రోడ్డు మీద, ఊళ్లలో హైస్కూలు గ్రౌండ్లలో నడిచేవాళ్లకు కొదవ లేదు. బొజ్జలకూ కొదవ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36 శాతం, పురుషుల్లో 31 శాతం మంది అధిక బరువుతో ఉన్నట్టు తేలింది. తెలంగాణలో ఆ లెక్క 30, 32. దేశం మొత్తం మీద చూస్తే మహిళల్లో 24 శాతం, పురుషుల్లో 23 శాతమే. నడక మొదలుపెట్టినవాళ్లు రెండు మూడు నెలలయ్యాక కాటా ఎక్కి, ముల్లు కదలకపోవడం చూసి, ఇదంతా దండగని బూట్లు అటకెక్కిస్తారు. తప్పు నడకది కాదు, దాని నెత్తిన పెట్టిన పనిది. బరువు ముఖ్యంగా తగ్గేది తిండి వల్ల. వ్యాయామం చేసే మేలు వేరు, అది కాటాకు అందదు.

లెక్క చూడండి. 70 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే సుమారు 150 కేలరీలు ఖర్చవుతాయి. వచ్చేదారిలో బండి దగ్గర ఆగి ప్లేటు మైసూర్ బజ్జీ తింటే అంతకు రెట్టింపు లోపలికి పోతుంది. బజ్జీ జోలికి పోకపోయినా, నడిచొచ్చాం కదా అని మధ్యాహ్నం ఇంకో గరిటెడు అన్నం వేయించుకుంటాం. ఒక పెద్ద చెంచాడు నూనెలోనే 120 కేలరీలున్నాయి. ఆ ఒక్క చెంచా తగ్గించడం అరగంట నడకకు కొంచెమే తక్కువన్నమాట. 2025లో మన మార్కెట్లోకి వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్లను చూసినా ఇదే అర్థమవుతుంది. ఆ మందు మనిషిని ఒక్క అడుగు కూడా నడిపించదు. ఆకలి తగ్గిస్తుంది, తిండి తగ్గుతుంది, దాంతో బరువు దిగుతుంది.

అయితే ఏ తిండి? ఒకప్పుడు ఉప్పూ నూనే లేని కూరలన్నారు, తర్వాత కొబ్బరినూనె, నిమ్మకాయలన్నారు. రెండు పద్ధతుల్లోనూ బరువు తగ్గినవాళ్లున్నారు, మళ్లీ పెరిగినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కొవ్వు తక్కువ తిండి, మరోదానికి పిండిపదార్థం తక్కువ తిండి ఏడాదిపాటు అలవాటు చేశారు. 2018లో వెలువడిన ఫలితం: ఒక జట్టు సగటున 5.3 కిలోలు తగ్గితే, రెండోది 6 కిలోలు. చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏళ్ల తరబడి తినగలిగిన తిండే పనికొచ్చే తిండి. మనవాళ్లు ఏళ్ల తరబడి తినగలిగేది పప్పూ కూరా చారూ పెరుగే కాబట్టి, మార్పేదో ఆ కంచంలోనే జరగాలి.

మన భోజనంలో ప్రతి వంతుకూ అన్నమే ఆధారం. పప్పులోకి కొంత, కూరలోకి కొంత, చారులోకి మరికొంత, చివర పెరుగులోకి మారు వడ్డింపు. నాలుగు వంతులు తిన్నామనుకుంటాం కానీ నాలుగుసార్లు తిన్నది అన్నమే. పక్కన కూర చూస్తే రెండు చెంచాలుంటుంది. పొద్దున ఇడ్లీ, రాత్రి మళ్లీ దోసె కూడా బియ్యం బాపతే. (పెసరట్టు నిఖార్సయిన పప్పు టిఫిను. దాని కడుపులో ఉప్మా కూరినవాళ్ల రుచిని మెచ్చుకోవాల్సిందే, ఆరోగ్యాన్ని మాత్రం కాదు.) హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. మనకు 50 నుంచి 70 శాతం దాకా వాటి నుంచే వస్తోంది. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి ఆ సంస్థ 400 గ్రాముల కూరగాయలు, 85 గ్రాముల పప్పుధాన్యాలు చెప్పింది. నూనెలూ కొవ్వులూ కలిపి 27 గ్రాములే. అంటే నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. మీ ఇంట్లో ఎన్ని ప్యాకెట్లు ఖాళీ అవుతున్నాయో ఈ నెల లెక్కపెట్టండి.

మా తాతలు కుంచాలకు కుంచాలు అన్నం తిన్నారు, వాళ్లకేమయిందని అడిగేవాళ్లుంటారు. వాళ్లు పొలం పని చేశారు. నూనె, పంచదార, బేకరీ సరుకు వాళ్లకు ఇంత అందుబాటులో లేవు. అన్నం బదులు కొర్రలు తింటే చాలనేది ఇంకో మాట. పీచు ఎక్కువ కాబట్టి మంచిదే, కానీ కేలరీల్లో బియ్యానికీ వాటికీ పెద్ద తేడా లేదు. కంచం నిండా కొర్రన్నం పెట్టుకుంటే ఫలితం దక్కదు. ఖర్చు సంగతెత్తితే మాత్రం అది న్యాయమైన అభ్యంతరమే. రేషన్‌లో బియ్యం వస్తాయి, కందిపప్పు కొనుక్కోవాలి. కానీ మాంసకృత్తుల కోసం డబ్బా పౌడర్లు అక్కర్లేదు. కోడిగుడ్డు, ఉలవలు, శనగలు, పెసలు, మజ్జిగ చాలు.

ఇంతా చెప్పి వ్యాయామం వద్దంటున్నానా? కాదు. 2004లో లాన్సెట్ వైద్య పత్రిక ఇద్దరు శాస్త్రవేత్తల ఫొటో వేసింది. ఒకరు పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండోవారు బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఎత్తుకు తగ్గ బరువు కొలిచే బీఎంఐ ఇద్దరిదీ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపించే భారతీయుడిలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. ఈ కొరత తిండి తగ్గించినంత మాత్రాన తీరదు సరికదా, ఉత్త పస్తులతో కొవ్వుతో పాటు ఉన్న కండా పోతుంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు అంచున ఉన్న 531 మందిని మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలు సలహాతో సరిపెట్టిన జట్టులో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. తిండి మార్చి, నడక పెంచిన జట్టులో 39 మందికే. విశేషమేమిటంటే ఆ జట్టు బరువు పెద్దగా తగ్గనే లేదు. కాటా మీద ముల్లు చూసుకుని ఉంటే వాళ్లంతా మధ్యలోనే మానేసేవాళ్లు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడకతో పాటు, రెండు రోజులు కండకు పని పెట్టమంటోంది. మనవాళ్లు ఈ రెండోది వదిలేస్తారు. దీనికి జిమ్ముతో పనిలేదు, దండీలు, బస్కీలు మనకు కొత్తవి కావు. మోకాళ్లు సహకరించనివాళ్లు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవచ్చు. నేలమీద దండీలు తీయలేనివాళ్లు గోడకు చేతులానించి తీయొచ్చు. కుర్చీలోంచి లేవడం తేలికైపోయాక చేతుల్లో నీళ్లసీసాలు పట్టుకోవాలి, లేకపోతే కండ పెరగదు. రోజంతా ఇంటిపని చేస్తున్నాం, ఇంకా వ్యాయామమేమిటని ఆడవాళ్లు అడుగుతారు. ఆ పని ఒళ్లు అలిసేలా చేస్తుంది కానీ కండకు బరువు పెంచుతూ పోదు. అయితే వాళ్లకో అరగంట మిగలాలంటే గిన్నెలు ఇంకెవరో తోమాలి. ఆ సంగతి మగవాళ్లతో మాట్లాడాల్సిందే.

కొలవాలనుకుంటే నెలకోసారి నడుముకు టేపు చుట్టండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. బరువు వారానికి అరకిలో తగ్గితే చాలు, అంతకన్నా తొందర వద్దు. షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు ఒక్కసారిగా అన్నం తగ్గిస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాక్టరుకు చెప్పి, మందు మోతాదు చూపించుకున్నాకే మొదలుపెట్టండి.