ఐదు బైట్ల జాగ్రత్త

2008 సెప్టెంబరులో లినక్స్ పరీక్షా వెర్షన్లు వేసుకున్న కొందరి కంప్యూటర్లలో ఇంటెల్ నెట్‌వర్క్ కార్డులు మూగబోయాయి. యంత్రాన్ని ఆపి మళ్లీ బూట్ చేసినా, పాత లినక్స్‌కు తిరిగి వెళ్లినా లేవలేదు. కార్డు తన అమరికలను దాచుకునే చిన్న చిప్‌లోని సమాచారమే పాడైంది. సహజంగానే అందరి అనుమానం ఆ కార్డులను నడిపే ఈ1000ఈ డ్రైవర్ మీద పడింది. ఆ చిప్‌లో రాత జరగకుండా డ్రైవర్ చేత తాళం కూడా వేయించారు. దోషం మాత్రం డ్రైవర్‌ది కాదు, కొత్తగా చేరిన ఎఫ్‌ట్రేస్‌ది.

లినక్స్‌కు గుండె లాంటి కెర్నెల్‌లో ఏ ఫంక్షన్ ఎప్పుడు నడిచిందో, దాన్ని ఎవరు పిలిచారో ఎఫ్‌ట్రేస్ చూపిస్తుంది. ఇంగో మోల్నార్ లేటెన్సీ ట్రేసర్ వంటి పాత పనిముట్ల మీద ఆధారపడి స్టీవెన్ రోస్టెడ్ దీన్ని తయారుచేశారు. దాదాపు ప్రతి ఫంక్షన్ మొదట్లో కంపైలర్ చేత ఒక చిన్న పిలుపు పెట్టిస్తారు. ఫంక్షన్లు వేలల్లో ఉంటాయి. ఎవరూ చూడని వేళ కూడా అన్నీ ఆ పిలుపు చేస్తుంటే యంత్రం నెమ్మదిస్తుంది. అందుకే కెర్నెల్ నడుస్తుండగానే పిలుపును చెరిపి, ఆ చోట ఏమీ చేయని 'నాప్' ఆదేశం రాస్తారు. కావలసినప్పుడు మళ్లీ పిలుపు పెడతారు. నడిచే కోడ్‌ను తిరగరాయడమంటే ఆడే మగ్గంలో చేయి పెట్టడమే.

తొలి ఎఫ్‌ట్రేస్ ఒక్కో ఫంక్షన్ మొదటిసారి నడిచినప్పుడు దాని చిరునామా రాసిపెట్టుకుని, తర్వాత వెళ్లి మార్చేది. ఈలోగా ఆ కోడ్ పని ముగిసి, ఆ చోటు ఖాళీ అయితే? అదే చిరునామా నెట్‌వర్క్ కార్డు చిప్‌కు దక్కింది. ఎఫ్‌ట్రేస్ గుడ్డిగా రాయలేదు, పాపం. 'నేననుకున్న బైట్లే ఉంటే మార్చు' అనే ఆదేశాన్నే వాడింది. కానీ ఎక్స్86 ప్రాసెసర్‌లో ఆ ఆదేశం బైట్లు కలవకపోయినా ఊరుకోదు, ఉన్న విలువనే తిరిగి రాస్తుంది. మామూలు మెమరీలో దాని వల్ల నష్టం లేదు. పరికరం విషయంలో ప్రతి రాతా ఒక ఆజ్ఞ. ఇంత సన్నని చీలిక వెదికి పట్టుకున్నవాళ్ల ఓపికకు నేను చేతులెత్తి మొక్కుతాను.

అక్టోబరులో 2.6.27.1 వెర్షన్ ఈ తిరగరాత సౌకర్యాన్ని ఆపేసింది. 2.6.28 నాటికి పద్ధతే మారింది. పిలుపులు ఎక్కడున్నాయో కెర్నెల్ తయారయ్యేటప్పుడే జాబితా కడతారు. కెర్నెల్‌కు విడిగా చేర్చిన భాగం, అంటే మాడ్యూల్, దిగిపోతే దాని చిరునామాలనూ తీసేస్తారు. మార్చే ముందు బైట్లను చదివి, పోల్చి, ఆ తర్వాతే రాస్తారు. ఒక్కచోట తేడా కనిపించినా ఎఫ్‌ట్రేస్ హెచ్చరిక ఇచ్చి తనను తాను ఆపేసుకుంటుంది, మళ్లీ బూట్ చేసేదాకా లేవదు. నాకు అన్నింటికన్నా నచ్చేది ఈ నిర్ణయమే.

ఇంకో చిక్కు మిగిలింది. ఎక్స్86లో పిలుపు పొడవు ఐదు బైట్లు. సగం మారినప్పుడు ప్రాసెసర్‌లోని వేరే కోర్ అటు వస్తే అర్థంలేని ఆదేశం నడుస్తుంది. మొదట్లో కోర్లన్నింటినీ నిలిపి మార్చేవారు. 2012లో వచ్చిన 3.5 వెర్షన్‌తో ఆ అవసరం తీరింది. మొదటి బైట్‌లో బ్రేక్‌పాయింట్, అంటే ఆగమనే ఆదేశం, పెడతారు. అది ఒక్క బైటే. అటు వచ్చిన కోర్‌ను అది అప్పట్లో ఆ ఐదు బైట్లూ దాటించి పంపేసేది. తర్వాత మిగతా నాలుగు బైట్లు, చివరకు మొదటిది మారుస్తారు. అడుగడుగునా కోర్లన్నీ కొత్త రూపాన్నే చూస్తున్నాయని నిర్ధారించుకుంటారు.

2015లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి, లోపమున్న ఫంక్షన్‌ను యంత్రం ఆపకుండా బాగుచేసే లైవ్ ప్యాచింగ్ కూడా ఈ ఐదు బైట్ల దగ్గరే దారిని కొత్త ఫంక్షన్ వైపు మళ్లిస్తోంది.