కట్టెల రైలింజనుకు నమూనా స్టేషను

1869 మే 10వ తేదీన అమెరికాలోని యూటా ప్రాంతమున ప్రామంటరీ అనుచోట రెండు రైలింజనులు ఎదురెదురుగా వచ్చి నిలిచినవి. తూర్పునుండియు పడమరనుండియు వేసికొనుచు వచ్చిన రైలుదారులు ఆనాడు కలిసినవి. పడమటినుండి వచ్చిన సెంట్రల్ పసిఫిక్ కంపెనీవారి ‘జూపిటర్’ కట్టెలతో నడచునది. తూర్పునుండి వచ్చిన యూనియన్ పసిఫిక్ వారి 119వ నంబరు ఇంజను రాక్షసిబొగ్గుతో నడచునది. ఆనాటి ఛాయాచిత్రములో పొగగొట్టములను చూచినంతనే ఈ భేదము తెలియును. కట్టెల మంటనుండి నిప్పురవ్వలు విస్తారముగా లేచును. అవి అడవిలోనో, పైరుమీదనో పడకుండ గొట్టములో అడ్డు అమర్చవలెను. అందుచేత జూపిటర్ గొట్టము గరాటువలె పైన వెడల్పుగా ఉండెను. 119కి నిటారు గొట్టమే చాలినది.

119ని 1903లోను, జూపిటర్‌ను 1909లోను పాత ఇనుము క్రింద విరుగగొట్టిరి. పిమ్మట ఛాయాచిత్రముల ఆధారముతో వాటిని మరల నిర్మించి, 1979లో అచ్చటికే చేర్చిరి. ఇంజనులకు దక్కిన ఈ గౌరవము వాటికి కట్టెలు, నీళ్ళు అందించిన కొట్టములకు దక్కలేదు. అవియు కొయ్యతో కట్టినవే. కాలినవి కాలగా, పుచ్చినవి పుచ్చిపోయెను. అట్టి స్టేషనును నమూనాగా కట్టదలచిన విద్యార్థికి ఆధారములు రెండు. ఆల్ఫ్రెడ్ హార్ట్, ఆండ్రూ రసెల్ వంటివారు తీసిన ఛాయాచిత్రములు ఒకటి, లెక్క రెండవది.

సాధారణముగా జరుగు పొరపాటు కట్టెల విషయముననే. ఇంజనును చక్కగా చేసి, ప్రక్కన అగ్గిపెట్టెడు కట్టెలు పేర్చి ఊరకుందురు. నిజమునకు ఎన్ని కావలెను?

పచ్చికట్టె బరువులో దాదాపు సగము నీరే. ఎండిన కట్టె కిలోకు సుమారు 4,500 కిలోకేలరీల వేడిమి నిచ్చును. పచ్చికట్టెలో అర కిలో మాత్రమే కట్టె గనుక 2,250 వచ్చును. అందులో 300 వరకు తన నీటిని ఆవిరి చేయుటకే పోవును. అట్టి కట్టెతో బాయిలరు చాలినంత ఆవిరి నీయదు. కాబట్టి కొట్టిన కట్టెలను నెలల తరబడి ఆరబెట్టవలసి యుండెను. పైన కప్పు వేసి, గాలి ఆడుటకు ప్రక్కలు తెరచియుంచిన పొడవైన కొట్టములు ఇందుకే ఏర్పడినవి.

అమెరికాలో కట్టెల కొలతకు ‘కార్డు’ అని పేరు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు గల పేర్పు ఒక కార్డు. అనగా 128 ఘనపుటడుగులు. ఒక స్టేషనులో రోజుకు నాలుగు ఇంజనులు తలకు 2 కార్డుల చొప్పున ఎక్కించుకొనుననుకొందము. మూడు నెలల నిలువకు 720 కార్డులు, అనగా 92,160 ఘనపుటడుగులు. 4 అడుగుల వెడల్పున, 8 అడుగుల ఎత్తున పేర్చినచో ఒకే వరుస 2,880 అడుగులు సాగును. ఆరు వరుసలుగా పేర్చినను 480 అడుగులు!

1:87 నమూనాలో అడుగునకు 3.5 మిల్లీమీటర్లు. కట్టెల పేర్పు ఎత్తు 28 మిల్లీమీటర్లు, పొడవు 1,680 మిల్లీమీటర్లు. టెండరుతో కలిపి సుమారు 50 అడుగులుండు ఇంజను నమూనాలో 175 మిల్లీమీటర్లే. ఇంత బల్ల ఎవరికున్నది? లేనివారు కొట్టమును మరుగుజ్జును చేయుటకంటె, దాని ఒక భాగమునే కట్టి బల్ల అంచున తెగినట్లు చూపుట మేలు. పేర్పు లోపల అట్టపెట్టె నుంచి, కనబడు ముఖములకు మాత్రము కట్టెలు అంటించిన చాలును. పొయ్యిలో వేయుటకు రెండేసి అడుగులుగా కోసిన ముక్కలు నమూనాలో 7 మిల్లీమీటర్లు. అగ్గిపుల్ల సుమారు 2 మిల్లీమీటర్ల మందము. అనగా 7 అంగుళముల దుంగ. దానిని నిలువునా చీల్చి వాడవలెను.

మన దేశమునను 1860 ప్రాంతములలో మద్రాసు రైల్వే ఇంజనులు కట్టెలనే కాల్చినవి. సముద్రతీరమున సరుగుడు తోటలు వేయుటకు ఆ అవసరమొక కారణము.

నీళ్ళతొట్టి టెండరుకంటె ఎత్తున నుండవలెను. నీరు తనంతట దిగవలెను గదా. నిలువు పలకలను ఇనుప పట్టీలతో బిగించి ఆ తొట్టిని చేసిరి. లోతుతో నీటి ఒత్తిడి పెరుగును గనుక పట్టీలు పైన ఎడముగను, క్రిందికి దిగినకొలది దగ్గరగను ఉండును. సమాన దూరమున గీతలు గీసిన తొట్టి నిజమైనదైనచో అడుగున పగిలియుండెడిది. ఉపాధ్యాయులు పీడనపాఠము చెప్పునపుడు దీనిని చూపవచ్చును.

ఇక బూడిద. కట్టెలో నూటికి ఒక పాలు అటునిటుగా మాత్రమే బూడిద మిగులును. బొగ్గులో పది పాళ్ళును, అంతకు మించియు ఉండవచ్చును. తరువాతి కాలపు బొగ్గు షెడ్లలోని చిట్టెపు గుట్టలను కట్టెల స్టేషనులో పెట్టరాదు. పట్టాల మధ్య కొద్దిగా తెల్లని బూడిద, రంపము దగ్గర పొట్టు చల్లిన సరిపోవును.