పిలకాయల హెల్మెట్ ఒక సైజు పెద్దది కొనకండి

కొడవలూరు మండలంలో కోతలు ముగిసి, కాలువలకు నీళ్లు వదిలిన ఏడు ఎడగారు దమ్ములు మొదలయ్యే వేళకు బడులకు ఎండాకాలం సెలవులు కూడా వచ్చేస్తాయి. పొలానికి క్యారియరు పంపాలన్నా, మోటారు వేసి రమ్మనాలన్నా, ఎరువు మూట గెనెం దాకా చేర్చాలన్నా ఇంట్లో ఖాళీగా ఉన్న పిలకాయకే చెబుతాం. వాడు ఎక్సెల్ బండి తీస్తాడు. లేదంటే ట్రాక్టరు మడ్‌గార్డు మీద ఎక్కి కూర్చుంటాడు. గండవరం, తలమంచి, నార్త్ రాజుపాళెం, ఏ ఊరి పొలాల్లో చూసినా ఇది మామూలే. మామూలైపోయింది కాబట్టే ఎవరికీ ప్రమాదం అనిపించదు.

అమెరికాలో పొలాల్లో తిరగడానికి లావు టైర్లున్న నాలుగు చక్రాల చిన్న బండ్లు వాడతారు. వాటి మీద పిల్లలు పడి చనిపోవడం, తలలు పగలడం ఎక్కువై, అక్కడి పిల్లల వైద్యుల సంఘం 16 ఏళ్లలోపు వారిని ఆ బండ్లు ఎక్కనీయవద్దని చాలా ఏళ్లుగా చెబుతోంది. ఎక్కితే హెల్మెట్, కళ్లద్దాలు, గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా, చీలమండ దాటే బూట్లు ఉండాలంటారు. మనకు ఆ బండ్లు లేవు. గెనేల మీద, కాలువ కట్టల మీద తిరిగే మోపెడ్లు, ట్రాక్టర్లు ఉన్నాయి. అందుకని వాళ్లు చెప్పేదాంట్లో మనకు పనికొచ్చేది ఏది, చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో ముందు ఏది కొనాలి అనేది చూద్దాం.

ట్రాక్టరు మీద ఏ రక్షణా సరిపోదు

ముందుగా ట్రాక్టరు సంగతి. దీనికి కొనాల్సింది ఏమీ లేదు. ట్రాక్టరుకు ఉన్నది ఒకటే సీటు, అది డ్రైవరుది. మడ్‌గార్డు మీద కూర్చున్న పిల్లవాడు గుంత వచ్చినప్పుడు జారితే పడేది పెద్ద చక్రం కిందనే. అంత బరువు మీద నుంచి పోయాక తలకు హెల్మెట్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. దమ్ములో చక్రం కూరుకుపోయినప్పుడు ఇంకా జాగ్రత్త. చక్రం కింద దుంగ పెట్టి గేరు వేసి ఎత్తుతాం. వెనక చక్రం తిరగలేక ముందు భాగం పైకి లేస్తే బండి వెనక్కి తిరగబడడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. పెద్దవాడికే దూకే టైం ఉండదు.

రోటవేటరుకు, నూర్పిడి మిషనుకు తిరిగే పి.టి.వో. షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు తొమ్మిది. పావడా అంచు గానీ, ఓణీ గానీ, మెడలో తువ్వాలు గానీ తగిలితే చెయ్యి అడ్డం పెట్టేలోపే మనిషిని లాగేసుకుంటుంది. షాఫ్టు మీద ఉండే ప్లాస్టిక్ తొడుగు పగిలితే పారేసి ఊరుకుంటున్నారు చాలామంది. పిల్లలకు కొనే సామాను లెక్కలో మొదటిది ఆ తొడుగే అనుకోండి.

ఇంకో మాట. సీటు ఒక్కటే కాబట్టి మడ్‌గార్డు మీద కూర్చున్న మనిషికి బీమా వర్తించదని కంపెనీలు కోర్టుల్లో వాదిస్తుంటాయి, చాలా కేసుల్లో నెగ్గాయి కూడా. అప్పుడు పరిహారం ట్రాక్టరు సొంతదారు మెడకే చుట్టుకుంటుంది. అద్దెకు దున్నేవారు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మోపెడ్ నడిపేది ఎవరు?

18 ఏళ్లు నిండనిదే గేర్ల బండికి లైసెన్సు లేదు. 16 నిండినవారికి 50 సీసీ లోపు గేర్లు లేని బండికి మాత్రమే ఇస్తారు. ఎక్సెల్ 100 అంటే దాదాపు 100 సీసీ, కనుక అది ఆ లెక్కలోకి రాదు. పిల్లవాడు నడుపుతూ పట్టుబడితే, 2019లో చేసిన చట్ట సవరణ ప్రకారం తండ్రికి లేదా బండి సొంతదారుకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. ఆ బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దవుతుంది, పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. "పొలంలోనే కదా తిరిగేది" అంటాం గానీ, పొలానికి పోవాలంటే ఊరి రోడ్డు ఎక్కాల్సిందే, కొందరు జాతీయ రహదారి కూడా దాటాలి. కాబట్టి కింద చెప్పేదంతా నడిపే పిల్లలకు కాదు, మన వెనక కూర్చునే పిల్లలకు.

ఎక్సెల్‌కు ముందు ఖాళీ ఉంటుంది కదా అని చిన్న పిల్లను అక్కడ నిలబెడతాం. బ్రేకు వేస్తే ఆ పిల్ల కడుపు, మొహం హ్యాండిలుకు కొట్టుకుంటాయి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లల కోసం 2022లో కేంద్రం ఒక నిబంధన తెచ్చింది. ఇది 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం పిల్లకు చొక్కా లాంటి నైలాను బెల్టు తొడిగి, దాని పట్టీలు నడిపేవారి భుజాలకు వేసుకోవాలి. అది 30 కిలోల బరువు ఆపేదిగా ఉండాలి. బండి వేగం 40 కిలోమీటర్లు దాటరాదు. పిల్ల తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి, ఈ వయసుకు మంచి ప్రమాణం గల సైకిల్ హెల్మెట్ కూడా చెల్లుతుంది. నాలుగేళ్లు దాటిన వారందరికీ బండి హెల్మెట్టే.

హెల్మెట్ కొలత

చొక్కా అయితే వచ్చే ఏడుకు కూడా వస్తుందని రెండంగుళాలు వదులుగా కుట్టిస్తాం. చెప్పులు ఒక నంబరు పెద్దవి తీసుకుంటాం. పెరిగే పిలకాయలకు అది తెలివైన పనే. అదే లెక్క హెల్మెట్‌కు వేస్తే మాత్రం డబ్బు దండగ, పైగా ప్రాణం మీదికి వస్తుంది. వదులు హెల్మెట్ గతుకులో కళ్ల మీదికి జారుతుంది. పడినప్పుడు తల నేలకు తగిలే లోపే ఊడి పక్కకు పోతుంది. నాన్న పాత హెల్మెట్ లోపల తువ్వాలు కుక్కి పిల్లవాడికి పెట్టడం కూడా ఇలాంటిదే.

టైలరు టేపు తీసుకుని కనుబొమ్మలకు ఒక అంగుళం పైన, చెవుల మీదుగా, తల వెనక బాగా ఉబ్బుగా ఉన్న చోటు కలిపి చుట్టుకొలత తీయండి. టేపు లేకుంటే పురికొసతో చుట్టి స్కేలు మీద పెట్టి చూసుకోవచ్చు. నాలుగేళ్ల పిల్లకు సుమారు 50 సెంటీమీటర్లు, పదేళ్ల వాడికి 52 నుంచి 54 ఉంటుంది. పెద్దవాళ్లకు 56 పైన. హెల్మెట్ లోపల సైజు సెంటీమీటర్లలో గానీ మిల్లీమీటర్లలో గానీ రాసి ఉంటుంది (54 అన్నా 540 అన్నా ఒకటే). వయసు చూసి కాక ఈ అంకె చూసి తీసుకోండి. ఆడపిల్లలకు రెండు జడలు మడిచి రిబ్బన్లతో కడతాం కదా, ఆ ముడులు నడినెత్తికి వస్తే హెల్మెట్ దిగదు. కొలిచే రోజే కాదు, పెట్టుకునే రోజు కూడా జడలు కిందికి వేయాలి.

పిల్లను వెంట తీసుకుపోకుండా హెల్మెట్ కొనొద్దు. తలకు పెట్టాక ముందు అంచుకూ కనుబొమ్మలకూ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి. పట్టీ బిగించాక గడ్డం కింద రెండు వేళ్లే దూరాలి. తల అడ్డంగా ఊపమంటే హెల్మెట్ తలతో కలిసి కదలాలి గానీ తల ఒకవైపు, అది ఒకవైపు పోకూడదు. పెద్దగా ఆవులించమంటే నెత్తి మీద బిగుతు తెలియాలి. చివరగా వెనక అంచు పట్టుకుని ముందుకు దొర్లించి చూడండి. ఊడి వస్తే షాపువాడికి తిరిగి ఇచ్చేయండి, ఎంత తగ్గిస్తానన్నా సరే. చిన్నపిల్లల మెడ బలహీనం కాబట్టి, అన్నీ సరిపోయిన రెండింటిలో తేలికగా ఉన్నది మేలు.

ఐ.ఎస్.ఐ. గుర్తు, దానితోపాటు ఐ.ఎస్. 4151 అనే అంకె, సి.ఎం./ఎల్. అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. 2021 జూన్ 1 నుంచి ఈ గుర్తు లేని బండి హెల్మెట్లు అమ్మకూడదు. అయినా రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్మేవాటిలో నకిలీలూ ఉంటాయి. అనుమానం వస్తే సెల్‌ఫోన్లో బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొట్టండి, ఏ కంపెనీదో వస్తుంది. లోపలి గుడ్డ కొంచెం పక్కకు తీసి చూడండి. థర్మోకోల్ లాంటి దళసరి పొర కనపడాలి. దెబ్బ తగిలినప్పుడు ఆ పొర నలిగి, తలకు రావాల్సిన తాకిడి తాను తీసుకుంటుంది. ఉత్త స్పాంజి ఉంటే అది టోపీయే. తాపీ పనివాళ్ల పసుపు టోపీ, క్రికెట్ హెల్మెట్ కూడా బండికి పనికిరావు.

తల తర్వాత పాదం

హెల్మెట్ తర్వాత నా లెక్కలో రెండోది బూటు. వెనక కూర్చున్న పిల్లల కాళ్లు ఫుట్‌రెస్టుకు అందవు, వేలాడుతుంటాయి. కునుకు పడితే మడమ చక్రం పుల్లల్లోకి పోతుంది. చర్మం ఊడి, ఎముక దాకా దెబ్బ తగిలిన మడమ మానడానికి నెలలు పడుతుంది. హవాయి చెప్పు దీన్ని ఆపలేదు. దీనికి కొత్త ఖర్చు పెట్టనక్కర్లేదు. ప్రభుత్వ బడి పిల్లలకు 2020 నుంచి ఇస్తున్న కిట్టులో బూట్లు, సాక్సులు వస్తున్నాయి, సెలవుల్లో వాటినే వేయండి. బండికి సారీ గార్డు ఉండాల్సింది చీర కోసం మాత్రమే కాదు. వెనక చక్రం సగమైనా కప్పి ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. పాత బండికి ఊడిపోయి ఉంటే మెకానిక్కుతో వేయించండి.

మూడోది ఒంటి బట్ట. నిక్కరు బదులు మందపాటి ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా ఉంటే కంకర మీద పడ్డా చర్మం గీరుకుపోదు. సైలెన్సరు తగిలి కాలు కాలకుండా కూడా ఇదే కాపాడుతుంది. అంగళ్లలో అమ్మే మోకాలు చిప్పలు, మోచేతి చిప్పలకు తొందర లేదు. ఆ డబ్బు హెల్మెట్‌లో పెట్టండి.

హెల్మెట్ ఒక్కసారి గట్టిగా దెబ్బ తింటే పైకి బాగున్నట్టు కనిపించినా లోపలి పొర నలిగిపోయి ఉంటుంది, దాన్ని మార్చాలి. అన్న హెల్మెట్ తమ్ముడికి ఇవ్వాలన్నా ముందు ఆ సంగతి కనుక్కుని, తర్వాత తల కొలిచి ఇవ్వండి. మురికిని సబ్బు నీళ్లతో కడగాలి. పెట్రోలు, కిరసనాయిలు పూయరాదు, అవి లోపలి పొరను తినేస్తాయి. పురుగుమందు డబ్బాలు, స్ప్రేయరు పెట్టే కొట్టంలో తగిలించకుండా ఇంట్లో నీడన ఒక మేకుకు తగిలించండి.