ఇంట్లో "ఖాళీ"గా ఉన్న పిల్ల

పదేళ్ళ పిల్ల బడికి వెళ్ళడం లేదనుకోండి. "మీ అమ్మాయి ఏం చేస్తోంది?" అని తల్లిని అడిగితే "ఏం చేస్తుందమ్మా, ఇంట్లో ఖాళీగానే ఉంది" అంటుంది. ఆ ఖాళీ ఎలా ఉంటుందో ఒక్కసారి చూద్దాం. తెల్లవారుతూనే లేచి వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లుతుంది. బోరింగు దగ్గర బిందెల వరసలో నిలబడి నీళ్ళు తెస్తుంది. తల్లి కూలికి వెళ్ళేలోగా అన్నం వండి గిన్నె కట్టి ఇస్తుంది. ఆ తర్వాత చంటి తమ్ముణ్ణి చంకనేసుకుంటే సాయంత్రం తల్లి తిరిగి వచ్చేదాకా దించేది లేదు. మధ్యలో అంట్లు తోమాలి, పొయ్యిలోకి పుల్లలు ఏరుకు రావాలి, మేకను మేపి తెచ్చి కట్టెయ్యాలి. ఇదీ ఖాళీ!

ఈ మాట మనకు కొత్త కాదు కదండీ. "మీ ఆవిడ ఏం చేస్తుంటారు?" అని ఎవరైనా అడిగితే "ఏమీ చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అనే జవాబు మనలో ఎంతమంది విని ఊరుకోలేదు? అందుకే ఆ పిల్ల చాకిరీ లెక్కలోకి రాకపోవడం ఎలాంటిదో మిగతావాళ్ళకంటే మనకే త్వరగా అర్థమవుతుంది.

ఆ పిల్లను లెక్కలోకి తీసుకున్న ఒక సంస్థ మన రాష్ట్రంలోనే పుట్టింది. దాని పేరు మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్. ఊళ్ళలో "ఎం.వి. ఫౌండేషన్" అంటే తెలుస్తుంది. వెంకటరంగయ్య గారు పేరున్న విద్యావేత్త, చరిత్రకారులు. ఆయన జ్ఞాపకార్థం 1981లో పెట్టిన ఈ సంస్థ మొదట్లో పరిశోధనలు చేసుకునేది. ఆయన మనవరాలు శాంతా సిన్హా గారు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రం చెప్పేవారు. 1980లలో యూనివర్సిటీ తరఫున శ్రామిక విద్యాపీఠం పనుల్లో ఊళ్ళు తిరిగినప్పుడు, వెట్టిచాకిరీ చేసేవాళ్ళలో పిల్లలే ఎంతమంది ఉన్నారో ఆమె కళ్ళారా చూశారు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో, శంకరపల్లి వైపు పల్లెల్లో, పిల్లల్ని పనిలోంచి తీసి బడిలో వెయ్యడం మొదలైంది. ఆ ఏటి జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్ళు నూటికి ముప్పై ముగ్గురు కూడా లేరు. ఆమెకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షురాలు కూడా ఆమే. ఆవిడ గురించి పేపర్లలో చాలానే వచ్చింది. నేను చెప్పదలచుకున్నది ఆవిడ వెనక ఊరూరా తిరిగిన కార్యకర్తల గురించి.

గడప గడపకూ తిరిగేవాళ్ళు

ఈ కార్యకర్తల్లో ఎక్కువమంది పెద్ద పెద్ద డిగ్రీలతో పట్నం నుంచి దిగినవాళ్ళు కాదు. ఆ పల్లెల్లోనే పుట్టి, ఇంట్లో అందరికంటే ముందు పదో తరగతో ఇంటరో చదివిన కుర్రాళ్ళు, ఆడపిల్లలు. కొందరైతే చిన్నప్పుడు జీతానికి ఉండి, పశువుల్ని కాసి, ఈ సంస్థ శిబిరంలోనే అక్షరాలు నేర్చుకున్నవాళ్ళు. "ఆకలేస్తే చదువెక్కడ ఎక్కుతుంది సార్" అనే మాటకు వాళ్ళ దగ్గర పుస్తకాల్లోని జవాబు లేదు. వాళ్ళే జవాబు!

వాళ్ళ పని ఎలా మొదలవుతుందంటే, ముందు ఊళ్ళో ప్రతి గడపకూ వెళ్ళి ఇంట్లో ఎంతమంది పిల్లలు, ఎవరు బడికి వెళ్తున్నారు, ఎవరు వెళ్ళడం లేదు అని రాసుకుంటారు. వెళ్ళనివాళ్ళలో కూలికి పోయేవాళ్ళని మాత్రమే బాలకార్మికులు అనుకోవడం అప్పట్లో అందరి పద్ధతీనూ. వీళ్ళు అలా అనుకోలేదు. బడిలో లేని ప్రతి పిల్లా పనిలో ఉన్నట్టే అన్నారు. ఈ ఒక్క మాటతో తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంట్లో ఉన్న పిల్ల కూడా జాబితాలోకి వచ్చేసింది. నాకు ఈ సంస్థలో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

ఆ తర్వాత నచ్చజెప్పడం. ఒక్కసారి చెబితే వినే తల్లిదండ్రులు ఎక్కడుంటారు? "ఆడపిల్లకు సదువెందుకమ్మా, రేపో మాపో అత్తగారింటికి పొయ్యేదే గదా" అంటారు. "చిన్నోణ్ణి ఎవరు చూస్తరు?" అంటారు. ఈ రెండో ప్రశ్న ఉత్త సాకు కాదు సుమండీ, నిజమైన ఇబ్బందే. అందుకే చంటిపిల్లకు అంగన్‌వాడీ తెరిచి ఉంటోందా, నీళ్ళకు ఎంత దూరం పోవాలి అన్న విషయాలు కూడా కార్యకర్తలు పట్టించుకోవలసి వస్తుంది. పొద్దున వెళ్తే తల్లి పొలానికి పోయి ఉంటుంది, సాయంత్రం వెళ్తే అలసిపోయి ఉంటుంది. రాత్రి అన్నాలయ్యాక మళ్ళీ వెళ్తారు. పక్కవీధిలో కూతుర్ని బడికి పంపిన తల్లిని వెంటబెట్టుకుని వెళ్తారు. పదిసార్లు తిరిగాక గానీ తలుపు దగ్గర నుంచి లోపలికి పిలుపు రాదు.

డబ్బు ఆశ చూపించి పిల్లల్ని బడికి రప్పించడం మాత్రం చెయ్యలేదు. పిల్ల కూలి పోతుంది కాబట్టి ఆ నష్టానికి ఇంత అని తల్లిదండ్రుల చేతిలో పెట్టలేదు. పేదవాళ్ళకు పిల్లల చదువు మీద ఆశ లేదన్నది అబద్ధమని, బడిలో ఎలా చేర్పించాలో, ఎవర్ని అడగాలో తెలియకే ఆగిపోతున్నారని వాళ్ళు నమ్మారు. మొదట్లో ఇది నాకు కాస్త కఠినంగానే అనిపించింది. కానీ ఆలోచిస్తే, డబ్బు తీసుకుని పంపిన పిల్లను ఇంకొకరు ఎక్కువిస్తామంటే మళ్ళీ పనికి పంపరని ఏముంది?

జీతానికి ఉన్న పిల్లవాడి సంగతి వేరు. అక్కడ తండ్రి అప్పు ఉంటుంది. ఆసామి దగ్గర పెళ్ళికో వైద్యానికో తీసుకున్న అప్పుకు బదులు పిల్లవాడు గొర్రెల వెంట తిరుగుతుంటాడు. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం అలాంటి అప్పు అప్పే కాదు, రద్దయిపోతుంది. కానీ ఆ ఊళ్ళోనే బతకాల్సిన తండ్రి చట్టం పుస్తకం పట్టుకుని ఆసామి ఇంటికి పోగలడా? కార్యకర్తలు గ్రామ పెద్దలనీ యువజన సంఘాలనీ కూర్చోబెట్టి, ముందు ఊరి చేత మాట అనిపించేవారు. ఆసామిని శత్రువును చెయ్యకుండా వీలైనంత వరకు అతనే వదిలేలా చూసేవారు. పిల్లల్ని వదిలిన ఆసామికి ఊళ్ళో సన్మానం చేసిన సందర్భాలూ ఉన్నాయట. ఇది వింటే నవ్వొస్తుంది గానీ, ఊరి పరువు ఎంత పని చేస్తుందో పల్లెల్లో పెరిగినవాళ్ళకు తెలుసు.

ఒకటో తరగతిలో పన్నెండేళ్ళ పిల్ల

సరే, ఒప్పుకున్నారు. పన్నెండేళ్ళ పిల్లను ఏ క్లాసులో వేస్తారు? ఒకటో తరగతిలో ఆరేళ్ళ పిల్లల మధ్య కూర్చోబెడితే సిగ్గుతో మర్నాడే మానేస్తుంది. దీనికే బ్రిడ్జి కోర్సు శిబిరాలు పెట్టారు. పిల్లలు అక్కడే ఉండి, తిని, కొన్ని నెలల నుంచి ఏడాదిన్నర దాకా చదివి, తమ ఈడు పిల్లలుండే తరగతిలో చేరతారు. దూరపు పిల్లలు సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో ఉండి చదువుకుంటారు.

శిబిరంలో మొదటి రోజులు చదువు కంటే కుదురుకోవడమే కష్టం. ఏళ్ళ తరబడి పనిచేసిన పిల్లకు పొద్దున్నే లేచి ఏ పనీ లేకపోతే కాళ్ళూ చేతులూ ఆడవు. ఇంటి మీద బెంగ. ఊరి నుంచి అమ్మ వచ్చి "పండక్కి తీసుకుపోతా" అంటుంది, అలా వెళ్ళిన పిల్ల తిరిగి రాదు. మళ్ళీ కార్యకర్త ఆ ఊరికి బయల్దేరాలి. పాటలు, ఆటలు, కథలతో మొదలుపెట్టి పిల్ల తన పేరు, ఊరి పేరు రాయడం దగ్గరకు తెస్తారు. పనిలో తిరిగిన పిల్లకు లోకజ్ఞానం, నోటిలెక్క ముందే వచ్చి ఉంటాయి కాబట్టి, ఒకసారి దారిలో పడ్డాక చిన్నపిల్లల కంటే త్వరగా అందుకుంటుంది.

ఆ రోజుల్లో ప్రభుత్వం పనిచేసే పిల్లల కోసం అనియత విద్యాకేంద్రాలు నడిపేది. పగలు పని, రాత్రి రెండు గంటలు లాంతరు కింద చదువు. ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. మన పిల్లలకు పగటి బడి, పేద పిల్లలకు రాత్రి బడా అని. రోజంతా పొలంలో వంగిన పిల్ల రాత్రి పలక ముందు కూర్చుంటే ఏం జరుగుతుంది? నిద్రపోతుంది, అంతే.

ప్రభుత్వ బడి ఉపాధ్యాయులు కొందరు కలిసి "బాలకార్మిక విమోచన వేదిక" పేరుతో ఒక సంఘం పెట్టుకున్నారు. బడికి కొత్తగా వచ్చిన పిల్లను "నీకు చదువేం వస్తుంది" అనకుండా చూసుకోవడంలో దాని పాత్ర చిన్నది కాదు.

పత్తి చేలల్లో ఆడపిల్లలు

కర్నూలు, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల్లో, ముఖ్యంగా గద్వాల వైపు, సీడు పత్తి పండిస్తారు. మామూలు పత్తికి లేని పని ఇందులో ఒకటుంది. సాయంత్రం ప్రతి మొగ్గనూ విప్పి అందులోని మగ కేసరాలు తీసెయ్యాలి, మర్నాడు పొద్దున వేరే చెట్టు పువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. దీన్ని క్రాసింగు అంటారు. సీజను సాగినన్ని నెలలూ రోజూ చెయ్యాలి, ఒక్కరోజు ఆగినా పూత పోతుంది. ఈ పనికి ఎక్కువగా ఆడపిల్లల్నే పెట్టేవారు. "చిన్న వేళ్ళయితే సున్నితంగా ఉంటాయి, మొక్క ఎత్తుకు సరిపోతారు" అని కారణం చెప్పేవారు. అసలు కారణం వాళ్ళకిచ్చే కూలి తక్కువ, ఎదురు చెప్పరు, ఇంటికి ముందే అడ్వాన్సు ఇచ్చి ఉంటుంది. పురుగుమందు కొట్టిన చేలో రోజంతా వాళ్ళే. ఇక్కడ ఊళ్ళో నచ్చజెబితే సరిపోలేదు, రైతుకు విత్తనం ఒప్పందం ఇచ్చిన కంపెనీల దాకా వెళ్ళవలసి వచ్చింది.

పెళ్ళి మాట

పదో తరగతి దాకా లాక్కొచ్చిన పిల్ల విషయంలో కార్యకర్తకు అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. బడి ఊళ్ళోనే ఉంది గానీ కాలేజీ మండల కేంద్రంలో ఉంటుంది. బస్సు లేదు, ఉన్నా సాయంత్రం చీకటి పడుతుంది. "ఎవరైనా ఏమైనా అంటే?" అని తండ్రికి భయం. ఈలోగా మేనరికమో, కట్నం తక్కువ అడిగిన సంబంధమో వస్తుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ వయసు స్త్రీలలో పద్ధెనిమిది నిండకుండానే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది, తెలంగాణలో 23 మందికి పైగా ఉన్నారు. 2006లో బాల్యవివాహాల నిషేధ చట్టం వచ్చాక కూడా ఇదీ పరిస్థితి.

పెళ్ళి ఆపడానికి వెళ్ళిన కార్యకర్తకు దక్కేవి తిట్లే. "నీకు పెళ్ళాం పిల్లలు లేరా, మా ఇంటి పరువు తీస్తావా" అంటారు. పెళ్ళి ఆగిన తర్వాత ఆ పిల్ల అదే ఇంట్లో, అదే తండ్రి ముందు తిరగాలి. అందుకని ఆ పిల్లను మర్నాడే కాలేజీలోనో హాస్టల్లోనో చేర్చే ఏర్పాటు ముందే ఉండాలి. లేకపోతే ఆగిన పెళ్ళి ఆరు నెల్లకు ఇంకో ఊళ్ళో గుట్టుగా జరిగిపోతుంది. ఇంటరు హాల్‌టికెట్టు చేతికొచ్చిన ఆడపిల్లతో ఇంట్లోవాళ్ళు మాట్లాడే తీరు ఎంత మారుతుందో నాకు తెలుసు. ఆ రెండేళ్ళ కోసం వీళ్ళు పడే తాపత్రయం నాకు అతిగా అనిపించదు.

మన గుమ్మంలోకి వస్తే

ఇదంతా ఎక్కడో పల్లెల్లో సంగతి అనుకోకండి. మన పనిమనిషికి జ్వరం వస్తే ఏం చేస్తుంది? "ఈ నాలుగు రోజులూ మా అమ్మాయొస్తుందమ్మా" అంటుంది. నాలుగు రోజులు పది అవుతాయి. బడిలో పేరు అలాగే ఉంటుంది, పిల్ల మాత్రం మన పెరట్లో గిన్నెలు తోముతుంటుంది. మనకు జాలి కూడా ఉంటుంది, టిఫిను పెడతాం, పాత గౌను ఇస్తాం. కానీ మానేసిన పది రోజుల పాఠం ఎవరిస్తారు? ఆ నాలుగు రోజులూ మనమే తోముకుని, ఆ తల్లికి జీతం కోయకుండా ఉంటే పిల్ల బడికి వెళ్తుంది.

చట్టం సంగతీ తెలిసి ఉండాలి. 2006 అక్టోబరు 10 నుంచి పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఇంటిపనికి, హోటళ్ళ పనికి పెట్టుకోవడం నేరం. 2016లో చేసిన సవరణతో ఏ పనికైనా ఆ వయసులోపు వాళ్ళను పెట్టుకోకూడదన్నారు. పెట్టుకుంటే ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు, లేదా ఇరవై వేల నుంచి యాభై వేల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ. బడి అయ్యాక సొంత ఇంటి పనుల్లో సాయం చెయ్యడానికి మాత్రం వీలు ఉంచారు. బాలల హక్కుల కోసం పనిచేసేవాళ్ళు దీన్ని విమర్శించారు. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు, మళ్ళీ ఆ "ఖాళీ"గా ఉన్న పిల్లే కదా కనబడకుండా పోయేది!

మీకు తెలిసిన పిల్ల బడి మానేసి ఉంటే ఇలా చెయ్యవచ్చు. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ లోపు అయితే 2010 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడిలో ఈడుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడిన పాఠాలకు విడిగా శిక్షణ ఇవ్వాలి. టి.సి. లేదని, పుట్టిన తేదీ సర్టిఫికెట్టు లేదని వెనక్కి పంపకూడదు. సంవత్సరం మధ్యలోనైనా సరే. చదువు ఆపేసిన ఆడపిల్లలు ఉండి చదువుకోవడానికి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలున్నాయి, చాలాచోట్ల ఇంటరు దాకా ఉంది. వయసు దాటిపోయిన పిల్లయితే ఓపెన్ స్కూల్లో పదో తరగతి, ఇంటరు కట్టించవచ్చు. పిల్లను ఎక్కడైనా కొడుతున్నారని గానీ, పెళ్ళి చెయ్యబోతున్నారని గానీ తెలిస్తే 1098 కి ఫోను చెయ్యండి, డబ్బు పడదు, మీ పేరు బయటికి రానివ్వరు. బడికి తల్లితోపాటు మీరూ ఒకసారి వెళ్ళండి. హెడ్మాస్టరు గారి ముందు కుర్చీలో కూర్చోవడానికి ఆ తల్లికి మొదటిసారి పక్కన ఎవరైనా ఉండాలి.