మీకు తెలుసా? కుస్తీ వీరుడి ర్యాప్‌కు బిల్‌బోర్డ్‌లో 15వ స్థానం
డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లర్ జాన్ సీనా తన బంధువు, ర్యాపర్ ట్రేడ్‌మార్క్‌తో కలిసి 2005 మేలో తెచ్చిన ర్యాప్ ఆల్బమ్ ‘యూ కాంట్ సీ మీ’ అమెరికా బిల్‌బోర్డ్ 200 జాబితాలోకి నేరుగా 15వ స్థానంతో అడుగుపెట్టింది. అంతకు నెల పైచిలుకు ముందు, ఏప్రిల్ 3న, రెజిల్‌మేనియా 21 పోటీల్లో అప్పటి చాంపియన్ జేబీఎల్‌ను ఓడించి అతను తొలిసారి డబ్ల్యూడబ్ల్యూఈ చాంపియన్ అయ్యాడు. కాబట్టి ఆల్బమ్ అమ్ముడుపోయింది బెల్టు పుణ్యమే, పాట గొప్పతనం కాదనేవాళ్లుంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ అతన్ని ఆ బెల్టు దాకా నడిపించింది ర్యాపే కదా! 2002లో రంగప్రవేశం చేసిన కొత్తలో సీనాకు తనదంటూ ఒక ముద్ర లేదు. యూరప్ పర్యటనలో, బస్సులో సరదాగా అప్పటికప్పుడు అల్లిన ప్రాసలు డబ్ల్యూడబ్ల్యూఈ అధికారి స్టెఫనీ మెక్‌మాన్ చెవిన పడ్డాయి. దాంతో ఆ ఏడాది డబ్ల్యూడబ్ల్యూఈ టీవీ షో హాలోవీన్ ఎపిసోడ్‌లో ర్యాపర్ వనిల్లా ఐస్ వేషం కట్టి ర్యాప్ చేశాడు. ప్రత్యర్థిని ముందు మాటతో ఉతికి, ఆనక చేత్తో ఉతికే ఆ పాత్రే జనానికి పట్టింది. తర్వాత ర్యాపర్ వేషం పలచబడింది, మరో ఆల్బమ్ రాలేదు. అయినా 2025 డిసెంబరులో రిటైరయ్యేదాకా అతని ప్రవేశ గీతం ఆ ఆల్బమ్‌లోని ‘ద టైమ్ ఈజ్ నౌ’నే.